మూడు సెకన్లు ఆగి చూడండి

మన బళ్ళలో రోజు మొత్తంలో ఎక్కువసార్లు వినిపించే ప్రశ్న ఏదంటే "అర్థమైందా?" అనేదే అంటాను నేను. దానికి జవాబు కూడా ఒక్కటే. నలభై గొంతులు కలిసి "అర్థమైంది సా...ర్" అని రాగం తీస్తాయి. అర్థమైనవాడూ అదే అంటాడు, కానివాడూ అదే అంటాడు. తర్వాత మాస్టారు "డౌట్లేమైనా ఉంటే అడగండి" అంటారు. ఫ్యాను తిరిగే చప్పుడు తప్ప ఏమీ వినపడదు. పాఠం ముందుకు సాగిపోతుంది.

బడిదాకా ఎందుకు, మన ఇళ్ళలోనే చూడండి. అమెరికాలో ఉన్న మనవడికి వీడియో కాల్ చేసి "బాగున్నావా నాన్నా? బాగా చదువుకుంటున్నావా? అన్నం తిన్నావా?" అని వరసగా అడుగుతాం. వాడు మూడింటికీ కలిపి ఒకే ఒక్క "ఊఁ" అనేసి ఫోను వాళ్ళమ్మ చేతికిస్తాడు. సభల్లోనూ ఇదే తంతు. ఉపన్యాసం అయ్యాక "సభికులు ప్రశ్నలు అడగవచ్చు" అని అధ్యక్షులవారు ప్రకటిస్తారు. అందరూ పక్కవాళ్ళ మొహాలు చూసుకుంటారు. వందన సమర్పణ మొదలవుతుంది.

ఆ పిల్లలే బెల్లు కొట్టగానే బడి పైకప్పు ఎగిరిపోయేలా అరుచుకుంటారు. ఆ సభికులే బయట టీ బడ్డీ దగ్గర నిలబడి అదే ఉపన్యాసం గురించి గంటసేపు వాదించుకుంటారు. అంటే చెప్పడానికి మాటలు బోలెడున్నాయి. చిక్కల్లా మనం అడిగే తీరులో ఉంది. అది ఎక్కడుందో కొంతమంది పరిశోధకులు గడియారం పెట్టుకుని మరీ కొలిచారు. ఇవాళ ఆ కబుర్లు చెప్పుకుందాం.

ముందు మామూలు మాటల సంగతి. ఇద్దరు మాట్లాడుకుంటున్నప్పుడు ఒకరు ప్రశ్న వేశాక రెండోవారు అందుకోవడానికి ఎంతసేపు పడుతుంది? టాన్యా స్టివర్స్ అనే పరిశోధకురాలు, ఆవిడ సహచరులు పది భాషల్లో ఈ సందును కొలిచి 2009లో ప్రచురించారు. అందులో జపనీసు ఉంది, డేనిష్ ఉంది, ఇటాలియన్, కొరియన్, లావో ఉన్నాయి. మన తెలుగు లేదు. అన్నీ కలిపి చూస్తే ఆ సందు సగటున సెకనులో అయిదో వంతు. అందరికంటే చురుగ్గా అందుకున్నది జపనీసువాళ్ళు, నిదానంగా అందుకున్నది డేనిష్‌వాళ్ళు. ఆ డేనిష్‌వాళ్ళ సగటు కూడా అర సెకను దాటలేదు.

ఇందులో ఒక వింత ఉంది. కళ్ళ ముందు ఒక బొమ్మ పెట్టి దాని పేరు చెప్పమంటే, మెదడు ఆ మాటను వెతికి నోటిదాకా తేవడానికి 0.6 సెకను పడుతుంది. మరి 0.2 సెకనులో జవాబు ఎలా వస్తోంది? అవతలివాళ్ళ మాట పూర్తి కాకముందే మనం జవాబు సిద్ధం చేసుకుంటున్నాం కాబట్టి! వింటూనే వండుకోవడం అన్నమాట. చిన్నప్పటి నుంచీ రోజూ చేస్తున్నాం గనక మనకు ఆ శ్రమ తెలియదు.

ఈ వేగానికి అలవాటు పడ్డ చెవికి ఒక్క సెకను మౌనం కూడా మోయలేని బరువే. మాటల మధ్య మౌనం సెకను దగ్గరకు రాగానే ఎవరో ఒకరు దాన్ని పూడ్చేస్తుంటారని గేల్ జెఫర్‌సన్ అనే ఆవిడ 1989లోనే గమనించి రాశారు. ఆ మౌనానికి మనం వెంటనే ఓ అర్థం కూడా కట్టేస్తాం. ఎవరినైనా అప్పు అడిగి చూడండి. ఇచ్చేవాడు "దానికేం, తీసుకెళ్ళు" అని టక్కున అంటాడు. కాస్త ఆగాడంటే, నోరు తెరవకముందే మనకు సంగతి తెలిసిపోతుంది. కబుర్లలో ఈ లెక్క బాగానే పనిచేస్తుంది. ఆలోచించి చెప్పాల్సిన చోట మాత్రం ఇదే కొంప ముంచుతుంది.

ఆ ముంపును పట్టుకున్నది మేరీ బడ్ రో అనే అమెరికన్ సైన్సు విద్యావేత్త. 1960లలో అక్కడ చిన్న తరగతుల్లో సైన్సును చేయించి నేర్పే కొత్త పాఠాలు వచ్చాయి. పిల్లల చేతికి సామాన్లు ఇచ్చారు, ప్రయోగాలు చేయించారు. అయినా క్లాసులో పిల్లల మాట పెగలడం లేదు. ఎందుకిలా అని ఆవిడ క్లాసుల్లో రికార్డు చేసిన టేపులు మూడు వందలకు పైగా విన్నారు. విని ఊరుకోలేదు, మాటకూ మాటకూ మధ్య ఎంత సందుందో కొలిచారు.

టీచరు ప్రశ్న వేశాక జవాబు కోసం ఆగుతున్నది సగటున ఒక్క సెకను! ఆ లోపల జవాబు రాకపోతే ప్రశ్న మార్చడమో, ఇంకొకర్ని లేపడమో, తామే చెప్పేయడమో. పిల్లవాడు నోరు తెరిచి ఏదో చెప్పాక ఆగేది ఇంకా తక్కువ, సెకను కూడా లేదు. అన్నిటికంటే నా మనసుకు కష్టం కలిగించిన లెక్క మరొకటుంది. చురుకైనవాళ్ళని తాము అనుకున్న పిల్లలకు టీచర్లు రెండు సెకన్ల దాకా టైమిచ్చారు. మందకొడి అనుకున్నవాళ్ళకు ఒక్క సెకను కూడా ఇవ్వలేదు. వాళ్ళు కావాలని చేసింది కాదు, తెలియకుండానే జరిగిపోయింది. కానీ ఎవరికి ఎక్కువ టైము కావాలో సరిగ్గా వాళ్ళకే కోత పడింది.

అప్పుడు రో టీచర్లకు ఒకే ఒక్కటి నేర్పించారు: మూడు సెకన్లు ఆగండి. అంతే. పాఠం మార్చలేదు, పుస్తకం మార్చలేదు. పిల్లల జవాబుల పొడవు 300 నుంచి 700 శాతం దాకా పెరిగింది. "తెలియదు" అనేవాళ్ళు, బెల్లం కొట్టిన రాయిలా నిలబడేవాళ్ళు తగ్గారు. అడగకుండానే చెప్పేవాళ్ళు పెరిగారు. పిల్లలు ఒకరి మాట మీద ఒకరు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు, తామే ప్రశ్నలు వేశారు. మందకొడి అన్న పేరు పడ్డ పిల్లలు కూడా నోరు విప్పారు. దాంతో వాళ్ళ మీద టీచర్లకున్న అభిప్రాయమే మారింది.

ఎండాకాలం ఏటి ఇసుకలో చెలమ తీసినవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. చేత్తో ఇసుక తోడగానే నీళ్ళు కనపడవు. కాసేపు ఊరుకుంటే అంచుల నుంచి ఊరుతాయి. తొందరపడి పక్కన ఇంకో గుంట తీస్తే రెండూ ఎండిగానే ఉంటాయి.

ఆగడం రెండు చోట్ల అని రో తేల్చారు. ప్రశ్న వేశాక ఒకసారి, జవాబు వచ్చాక ఇంకోసారి. ఈ రెండోదాని విలువ చాలామందికి తెలియదు. ఆరో తరగతి పిల్లల ముందు ఒక టీచరమ్మ చేసింది చెబుతాను. గాజు గ్లాసు అంచుదాకా నీళ్ళు పోసి, అందులో ఓ పెద్ద ఐసు ముక్క వేసింది. పొర్లినంత పొర్లాక గ్లాసు తుడిచి బల్ల మీద పెట్టి, "ఐసు కరిగాక ఇప్పుడు నీళ్ళు పొర్లుతాయా?" అని అడిగి ఊరుకుంది. ముందు బెంచీలో ఒకడు "పొర్లుతాయి" అన్నాడు. ఆవిడ తల ఊపిందే గానీ ఏమీ అనలేదు. వాడు కాస్త నసిగి, "ఐసు నీళ్ళ పైకి వచ్చింది కదండీ, అది కరిగితే ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయి?" అన్నాడు. ఎంత చక్కటి తర్కమో చూడండి! ఆవిడ మొదటి మాటకే "తప్పు, కూర్చో" అని ఉంటే అది బయటికి వచ్చేదా? మళ్ళీ మౌనం. ఈసారి వెనక నుంచి ఒక అమ్మాయి లేచింది. "మా ఇంట్లో సీసా నిండా నీళ్ళు పోసి డీప్ ఫ్రిజ్‌లో పెడితే పగిలిందండీ. ఐసుకి ఎక్కువ చోటు కావాలి. కరిగితే తగ్గిపోతుందేమో" అంది. క్లాసు రెండు పార్టీలైంది. అందరూ గ్లాసు చుట్టూ మూగారు. ఐసు కరిగింది, చుక్క కూడా పొర్లలేదు. తేలే ఐసు తన బరువెంతో అంత బరువున్న నీళ్ళనే పక్కకు నెడుతుంది. కరిగాక సరిగ్గా ఆ చోటే నింపుతుంది. ఆ అమ్మాయి సరిగ్గానే పట్టుకుంది. నీళ్ళు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి, నీటి పైకి కనిపించేది ఆ ఉబ్బే.

ఇదే ప్రశ్నను ఆవిడ "ఐసు నీటి మీద తేలుతుందని చెప్పుకున్నాం, అర్థమైందా?" అని అడిగి ఉంటే ఏం వచ్చేదో మీకు తెలుసు.

మెచ్చుకోలు గురించి కూడా ఒక మాట. ప్రతి జవాబుకూ "వెరీగుడ్, వెరీగుడ్" అంటే పిల్లలు ఉత్సాహంగా ఇంకా చెబుతారని మనం అనుకుంటాం. రో టేపుల్లో అలా కనపడలేదు. పొగడ్తలు ఎక్కువైన క్లాసుల్లో పిల్లలు జవాబును కూడా ప్రశ్నలా సాగదీస్తూ, టీచరు మొహం వంక చూస్తూ చెప్పారు. వాళ్ళ ధ్యాస బల్ల మీది వస్తువు నుంచి టీచరు మొహానికి మారిపోయింది. పిల్లలు చెప్పింది పట్టుకుని "సీసా ఎప్పుడు పగిలింది? మూత గట్టిగా పెట్టారా?" అని అడగడమే అసలైన మెప్పు అని నా అభిప్రాయం.

ఇక సభల్లో ఎవరూ ఎందుకు పలకరు? పదిమంది చేతిలో పాము చావదని మనవాళ్ళు ఊరికే అనలేదు. 1968లో అమెరికాలో డార్లీ, లటానే అనే ఇద్దరు ఒక ప్రయోగం చేశారు. విడివిడి గదుల్లో మైకుల ద్వారా మాట్లాడుకుంటున్న విద్యార్థుల్లో ఒకరికి ఫిట్స్ వచ్చినట్టు వినిపించారు. వింటున్నది తానొక్కడినే అనుకున్నవాళ్ళలో 85 శాతం మంది, రోగి ఇంకా మాట్లాడుతుండగానే సాయానికి లేచారు. ఇంకో నలుగురు కూడా వింటున్నారనుకుంటే అలా లేచినవాళ్ళు 31 శాతమే. ప్రాణం మీదికి వచ్చినప్పుడే ఇలా ఉంటే, "ఎవరైనా అడగండి" అన్న పిలుపుకు ఎవరు లేస్తారు? అందరికీ వేసిన ప్రశ్న ఎవరిదీ కాకుండా పోతుంది. అందుకే ఒకరి వైపు తిరిగి, వాళ్ళకు తెలిసిన సంగతి పట్టుకుని అడగాలి. "రైతుబజారులో మీరు రోజూ చూస్తారు కదండీ, ఈ లెక్క సరిపోతుందా?" అంటే ఆయన పలుకుతాడు. ఆయన పలికితే పక్కాయన పలుకుతాడు.

అడిగేవాళ్ళ సంగతి అయింది, ఇప్పుడు వినేవాళ్ళ సంగతి. కథ చెప్పే అమ్మమ్మలు "ఊ కొట్టు" అని ఎందుకు పట్టుబట్టేవారు? పిల్లలు నిద్రపోయారో లేదో తెలుసుకోవడానికని మనం అనుకుంటాం. అంతకంటే లోతైన సంగతే ఉంది. కెనడాలోని విక్టోరియా విశ్వవిద్యాలయంలో జానెట్ బావెలాస్, ఆవిడ సహచరులు ఒక ప్రయోగం చేసి 2000లో ప్రచురించారు. ఒకరు తమకు తప్పిన గండం గురించి చెప్పాలి, ఎదుటివారు వినాలి. కొందరు శ్రోతలకు మాత్రం ఇంకో పని అప్పజెప్పారు: ఇంగ్లీషు "టీ" అక్షరంతో మొదలయ్యే మాట వినపడ్డప్పుడల్లా మీట నొక్కడం. వాళ్ళు చెవులు రిక్కించి ప్రతి మాటా విన్నారు. కానీ కథ వినలేదు. గండం దగ్గరకు వచ్చేసరికి "అమ్మో!" అని ఉలిక్కిపడలేదు. ఫలితం ఎవరి మీద పడిందో తెలుసా? చెప్పేవాళ్ళ మీద. కథ రసపట్టుకు వచ్చే చోటే తడబడ్డారు. కొందరు ముగింపును టక్కున తుంచేశారు, కొందరు చెప్పిందే మళ్ళీ చెప్పారు, "నిజంగానే ప్రమాదం తప్పిందండీ" అని సంజాయిషీ ఇచ్చుకున్నారు. వినేవాళ్ళు కూడా కథలో సగం చెబుతారని దీన్నిబట్టి తేలింది. మన బుర్రకథలో తంబురా కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలు ఎందుకుంటారో ఇప్పుడు ఆలోచించండి. వాళ్ళు "తందాన" అని అందుకోకపోతే ఎంతటి కథకుడికైనా ఊపిరాడదు.

ఇక ఎదుట లేని పాఠకుల చేత కూడా పలికించడం తెలిసిన పత్రిక ఏదంటే నేను చందమామ పేరే చెబుతాను. 1947లో మొదలైన ఆ పత్రిక "ఫోటో వ్యాఖ్యల పోటీ" పెట్టేది. రెండు ఫోటోలు వేసి, ఒక్కోదానికి రెండు మూడు మాటల్లో వ్యాఖ్య రాయమనేవారు. రెండిటికీ పొత్తు కుదరాలి. పోస్టుకార్డు చాలు. "పత్రిక ఎలా ఉంది, మీ అభిప్రాయం తెలపండి" అని అడిగితే పలక పట్టిన పిల్లవాడు ఏం రాస్తాడు? బొమ్మ చూసి రెండు మాటలంటే ఎవరైనా రాస్తారు. గెలిచిన వ్యాఖ్యలు రాసినవాళ్ళ పేరుతో అచ్చయ్యేవి. అడిగింది చిన్నది, స్పష్టమైనది. పంపినవాడికి జవాబు కళ్ళ ముందు కనపడింది.

అదే పద్ధతిలో నేనూ ఒకటి అడుగుతాను. మీ ఇంట్లో కథ చెబుతుంటే వినేవాళ్ళు "ఊఁ" అంటారా, "ఆఁ" అంటారా, మరేమైనా అంటారా? ఆ ఒక్క మాట, మీ ఊరి పేరు ఒక కార్డు మీద రాసి పంపండి. వచ్చిన ప్రతి కార్డూ చదువుతాను.