పుల్లమీది కేకుండలు – ఇంట చేయు సులభమార్గము

పిల్లవాని పుట్టినదినము వచ్చుచున్నదనగా తల్లిదండ్రులకు సంతోషముతోపాటు ఒక చిన్న బెంగయు బయలుదేరుట సహజము. పూర్వము పరమాన్నముతోను పులిహోరతోను ఆనాటి వేడుక ముగిసెడిది. నేటి బాలుర కోరిక వేరు. తోటివారి యింట చూచినది తమ యింటను ఉండవలెనందురు. అట్టి కోరికలలో ఇటీవల మన యిండ్లలో అడుగిడినది చాక్లెట్టు కేక్‌పాప్. కేకును పొడిచేసి, ఉండకట్టి, పుల్లకు గ్రుచ్చి, కరగిన చాక్లెట్టులో ముంచి తీసినదే యిది. పుల్లఐసు మన పిల్లలకు చిరపరిచితము గావున మా యింట దీనిని “పుల్లకేకు” అని పిలుచుచుందుము.

దీనిని చేయుట కష్టము కాదు. ఓవెను అక్కరలేదు, ప్రత్యేకమైన అచ్చులు అక్కరలేదు. శ్రమను తగ్గించు సులభమార్గములును పెక్కు గలవు. అయితే సులభమార్గములు రెండు తెగలు. కొన్ని పనిని తేలిక చేయును. కొన్ని పనినే చెడగొట్టును. ఏది యే తెగలోనిదో తెలియవలెనన్న పని వెనుకనున్న కారణము నెరుగవలెను. ఈ వ్యాసమున ముఖ్యముగా చెప్పదలచినది అదియే.

నేర్చుకొనిన పాఠము

కొన్నియేండ్ల క్రిందట మే నెలలో మా చిన్నవాని పుట్టినరోజు వచ్చినది. పదుమూడుగురు పిల్లలను పిలిచితిమి. ఎవరో చెప్పగా వినినదే తప్ప నేనెన్నడును పుల్లకేకులు చేసినదానను కాను. త్వరగా ముగియునని కేకుపొడిలో మీగడ నెక్కువగా పోసి ఉండలు కట్టితిని. వెంటనే పుల్లలు గ్రుచ్చితిని. చాక్లెట్టు కరగుచున్న గిన్నెపై మూత పెట్టితిని. మూతకు పట్టిన ఆవిరి బొట్లుబొట్లుగా లోనికి జారినది. నిమేషములో చాక్లెట్టు ఇసుకముద్దవలె బిగిసిపోయినది. ఇటు చూడగా ఉండలు ఒక్కొక్కటే పుల్లల నుండి జారి పళ్ళెములో పడుచున్నవి.

మా అత్తగారు వచ్చి చూచి, “ఏమమ్మా, లడ్డు చుట్టి చల్లారనీయకుండానే పుల్ల గుచ్చితే నిలుస్తుందా? పేరుకోనియ్యాలి కదా!” అనిరి. చాక్లెట్టు సంగతి ఆమెకు తెలియదు. లడ్డు సంగతి తెలియును. ఆ రెంటికిని మూలసూత్ర మొకటే యని నాకప్పుడు స్ఫురించినది. ఆనాడు బిగిసిన చాక్లెట్టులో కాచిన వేడిపాలు పోసి కలిపి పులుసువలె చేసి, ఉండలను చిన్నగిన్నెలలో వేసి దానిని పైన పోసి యిచ్చితిని. పిల్లలు చెంచాలతో తినిరి. మావాడు మాత్రము “పుల్ల యేదమ్మా?” అని యడుగుచునే యుండెను.

ఎక్కడిది ఈ వంటకము?

కేకుండను పుల్లకు గ్రుచ్చు పద్ధతి అమెరికాలో 2008 ప్రాంతమున విశేష ప్రచారము నొందినది. దానికి ముఖ్యకారకురాలు ఆంజీ డడ్లీ అను వనిత. ఆమె 2010లో ఈ విషయముపై ఒక గ్రంథమును ప్రకటించినది. పేరు క్రొత్తదైనను ఇందలి సూత్రము మనకు క్రొత్త కాదు. సున్నుండలో మినుపపిండిని నేయి పట్టియుంచును. రవ్వలడ్డులో చక్కెరయు నేయియు ఆ పని చేయును. పొడిగానున్న పదార్థమునకు జిగురునిచ్చు పదార్థమును మితముగా చేర్చి, ఉండకట్టి, బిగియువరకు కదపక యుంచుటయే రహస్యము. మితము తప్పినచో ఉండ విరియును, లేదా జారును.

కావలసిన వస్తువులు

సుమారు 15 ఉండలకు: చాక్లెట్టు కేకు 300 గ్రాములు, తీపి గట్టిపాలు, అనగా అంగడిలో కండెన్స్‌డ్ మిల్కు అని అమ్మునవి, 4 పెద్దచెంచాలు, కాంపౌండు చాక్లెట్టు 250 గ్రాములు, వాసనలేని వంటనూనె 1 చెంచా, ఐస్‌క్రీము పుల్లలు 15, పైన చల్లుటకు వేయించిన కొబ్బరితురుము గాని, సన్నగా దంచిన జీడిపప్పు గాని.

కేకు సంగతి

మొదటి సులభమార్గ మిది: కేకును బేకరీలో కొనవచ్చును. క్రీము పూయని సాదాకేకును తీసికొనుడు. నిన్నటి కేకైనను మేలే. కొంత ఆరిన కేకు చక్కగా పొడి యగును. గ్రుడ్డు తినని కుటుంబములవారు కొనునప్పుడు తప్పక అడిగి తెలిసికొనవలెను. పొట్లములో వచ్చు కేకైనచో చతురస్రములోని పచ్చని చుక్క శాకాహారమునకు గుర్తు.

ఇంటనే చేయదలచువారికి గ్రుడ్డు, పాలు లేని తేలిక విధానము కలదు. 95 గ్రాముల మైదా, 100 గ్రాముల చక్కెరపొడి, ఒకటిన్నర పెద్దచెంచాల కోకోపొడి, అర చెంచా వంటసోడా, చిటికెడు ఉప్పు కలిపి జల్లించుడు. వేరొక పాత్రలో 120 మిల్లీలీటర్ల నీరు, రెండున్నర పెద్దచెంచాల నూనె, ఒకటిన్నర చెంచాల నిమ్మరసము కలుపుడు. రెంటిని చేర్చి, ఉండలు లేకుండ త్వరగా కలిపి, నూనె రాచిన గిన్నెలో పోయుడు. పులుపు తగులగానే సోడా నుండి వాయువు పుట్టును. ఆ వాయువే కేకును పొంగించును. కలిపినదానిని నిలువయుంచినచో వాయువు పోయి కేకు అట్టవలె అగును. కావున పొయ్యిమీది పాత్రను ముందుగానే వేడిచేసి యుంచవలెను.

దళసరి అడుగుగల పెద్దగిన్నెలో రెండంగుళముల మందమున శుభ్రమైన ఇసుక పోసి, మూతపెట్టి, సన్నని సెగపై పది నిమిషములు వేడి చేయుడు. కేకుగిన్నెను దానిపై నుంచి మూయుడు. సుమారు 35 నిమిషములకు ఉడుకును. సన్నని పుల్లను గ్రుచ్చి తీసినప్పుడు తడి అంటకుండుట గుర్తు. ప్రెషరు కుక్కరును వాడువారు దాని రబ్బరు గాస్కెటును, వెయిటును తప్పక తీసివేయవలెను. ఈ కేకు 300 గ్రాములకు సరిపోవును.

ఉండకట్టుట

కేకు పూర్తిగా చల్లారిన పిదప గట్టి అంచులను తీసివేసి, వ్రేళ్లతో రవ్వవలె నలుపుడు. గట్టిపాలను ఒక్కసారిగా పోయరాదు. మొదట రెండు చెంచాలు పోసి కలిపి, పిడికిట నొక్కి చూడుడు. ముద్ద విరియకుండ నిలిచి, అరచేతికి అంటకుండవలెను. చాలనిచో ఒక్కొక్క చెంచా చొప్పున చేర్చుడు. కేకులోని తడినిబట్టి మూడు చెంచాలే చాలవచ్చును. ఈ చోట తూకముకంటె చేతి యంచనాయే ప్రమాణము.

25 గ్రాముల చొప్పున, అనగా పెద్ద ఉసిరికాయంత ఉండలు కట్టుడు. పెద్దవి చేసినచో పుల్ల మోయజాలదు. పళ్ళెములో నుంచి రిఫ్రిజిరేటరులో అరగంట నిలుపుడు. ఇది దాటరాని మెట్టు. చల్లదనమునకు గట్టిపాల పాకము బిగిసి రేణువులను పట్టుకొనును. మా అత్తగారు చెప్పిన “పేరుకొనుట” ఇదియే. అట్లని గడ్డకట్టు అరలో పెట్టరాదు. మిక్కిలి చల్లబడిన ఉండ కొంత కుంచించుకొనును. చాక్లెట్టు తొడిగిన తరువాత గదివేడికి మరల వ్యాకోచించి పైపొరను పగులగొట్టును.

చాక్లెట్టు స్వభావము

కోకోచెట్టు మూలస్థానము అమెరికా ఖండమే యైనను, నేడు ఆంధ్రప్రదేశమున గోదావరి ప్రాంతపు కొబ్బరితోటలలో అంతరపంటగా విస్తారముగా పెరుగుచున్నది. దాని గింజలో రమారమి సగము కొవ్వే. కోకోవెన్న అనబడు ఆ కొవ్వు 34 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర కరగును. మన దేహపు వేడి 37 డిగ్రీలు. అందువలననే చాక్లెట్టు నోట వేయగానే కరగును. ఆ కారణముచేతనే మన వేసవి యెండలకు చేతిలోను కరగును.

కోకోవెన్న పేరుకొనునప్పుడు ఆరు విధముల స్ఫటికరూపములు దాల్చగలదు. వానిలో ఒక్కటియే నిగనిగలాడు మెరుపును, విరిచినప్పుడు టప్పుమను గట్టిదనమును ఇచ్చును. దానిని రాబట్టుటకు మిఠాయిశిల్పులు చాక్లెట్టును కరగించి, 27, 28 డిగ్రీలకు చల్లార్చి, మరల 31, 32 డిగ్రీలకు వెచ్చచేయుదురు. ఉష్ణమాపకము లేని వంటయింట ఇది దుస్సాధ్యము. ఇచ్చటనే రెండవ సులభమార్గము ఉపకరించును. కాంపౌండు చాక్లెట్టులో కోకోవెన్నకు బదులు ఇతర వృక్షసంబంధమైన కొవ్వు ఉండును. దానికి ఈ చల్లార్చు విద్య అక్కరలేదు. కరగించిన చాలును, తనంతట గట్టిపడును. రుచి కొంత తక్కువ, నిలుకడ యెక్కువ.

కాంపౌండు చాక్లెట్టును కొనునప్పుడు పొట్లముపై పదార్థముల పట్టిక చదువవలెను. హైడ్రోజనేటెడ్ కొవ్వులలో ఆరోగ్యమునకు హానిచేయు ట్రాన్స్ కొవ్వు చేరుటకు అవకాశము గలదు. భారత ఆహారభద్రతా ప్రమాణసంస్థ 2022 జనవరి నుండి నూనెలలోను కొవ్వులలోను దానిని నూటికి 2 వంతులకు పరిమితము చేసినది. కావున విడిగా, ముద్రలేకుండ అమ్ము చౌకసరుకును కొనక, పేరును తేదీయు గల పొట్లమునే కొనుడు.

కరగించు పద్ధతి: చాక్లెట్టును చిన్నముక్కలు చేసి పొడిగిన్నెలో వేయుడు. వేరొక గిన్నెలో నీరు మరగించి పొయ్యి ఆర్పివేయుడు. చాక్లెట్టుగిన్నె అడుగు నీటికి తగులకుండ దానిపై నుంచి, నూనె చేర్చి, పొడిచెంచాతో కలుపుచుండుడు. మూత పెట్టరాదు. నీటిచుక్క పడినంతనే అందలి చక్కెరరేణువులు తడిసి ఒకదానినొకటి పట్టుకొని ముద్దయగును. నా పొరపాటునకు కారణ మిదియే.

ముంచుట, నిలుపుట

కరగిన చాక్లెట్టును వెడల్పు గిన్నెలో గాక, లోతైన గ్లాసులో పోయుడు. అట్లయినచో కొద్ది చాక్లెట్టులోనే ఉండ పూర్తిగా మునుగును. ముందుగా పుల్లకొనను చాక్లెట్టులో అర అంగుళము ముంచి, ఉండలో సగమువరకే గ్రుచ్చుడు. ఆ చాక్లెట్టు గట్టిపడి జిగురువలె పుల్లను పట్టును. అన్నింటిని ఇట్లు గ్రుచ్చి, ఐదు నిమిషములు ఆగి, పిదప ఒక్కొక్కదానిని నిలువుగా ముంచి నిలువుగా తీయుడు. లోపల గిరగిర త్రిప్పరాదు, ఉండ ఊడిపోవును. గ్లాసు అంచుకు పుల్లను మెల్లగా తట్టినచో ఎక్కువైన చాక్లెట్టు జారును. తడి ఆరకముందే కొబ్బరితురుము చల్లుడు.

వీనిని ఆరనిచ్చుటకు అంగడిలో పీటలు దొరకును గాని, మనకు వానితో పనిలేదు. అగరువత్తులు గ్రుచ్చునట్లు అరటిబోదె ముక్కకు పుల్లలు గ్రుచ్చిన చాలును. బోదె దొరకనిచో చిల్లులగిన్నెను బోర్లించుడు, లేదా గ్లాసులో బియ్యము నింపుడు. మిగిలిన చాక్లెట్టును పళ్ళెములో పోసి గట్టిపరచి దాచుకొనవచ్చును.

తగ్గింపరాని జాగ్రత్తలు

ఉండ జిగటగా నున్నదని పచ్చి మైదానుగాని, ఉడకని కేకుమిశ్రమమునుగాని చల్లి చుట్టరాదు. పచ్చిపిండిలో రోగకారక సూక్ష్మజీవు లుండవచ్చును. అవసరమైనచో వేయించిన పిండినిగాని, బిస్కత్తుపొడినిగాని వాడుడు. వాడిమొనగల వెదురుపుల్లలను పిల్లలకీయరాదు. మొద్దుమొనగల పుల్లనైనను నోట పెట్టుకొని పరుగిడనీయరాదు, కూర్చుండి తినుమనుడు. మూడునాలుగేండ్ల పసివారికి పుల్ల తీసివేసి ముక్కలుగా చేసి పెట్టుట క్షేమము. అతిథులైన పిల్లలలో ఎవరికైన జీడిపప్పు, వేరుసెనగ, పాలు, గోధుమ సరిపడకుండుట కలదేమో వారి తల్లిదండ్రులను ముందుగా నడుగవలెను.

ఒక్క పుల్లకేకులో సుమారు మూడు చెంచాల చక్కెర యుండును. ఆ సంగతి నెరిగి ఒక్కొక్కరికి ఒక్కటి చాలునని నిర్ణయించుకొనుట మంచిది. మూతగల డబ్బాలో రిఫ్రిజిరేటరునందు నాలుగు దినములు నిలువయుండును. వెలికి తీయగానే మూత తెరవరాదు. గదివేడికి వచ్చిన పిదప తెరచినచో పైన చెమ్మ పట్టదు. ఒక్కొకప్పుడు చాక్లెట్టుపై తెల్లని పొడివంటిది కనబడును. అది చాలవరకు పైకి వచ్చిన కొవ్వు. దానివలన హాని లేదు. బూజునకు మాత్రము నూగును, ముక్కవాసనయు ఉండును, అట్టిదానిని పారవేయవలెను.

పిల్లల చేతికి పని

పొయ్యి దగ్గరి పని పెద్దలదే. కేకు నలుపుట, తూచుట, ఉండకట్టుట, కొబ్బరి చల్లుట పిల్లల చేతికి అప్పగింపుడు. మరుసటి సంవత్సరము మావానికి నేనట్లే యప్పగించితిని. మొదటి ఉండ వంకరగా వచ్చినది. ఐదవది గుండ్రముగా వచ్చినది. చాక్లెట్టుగిన్నెపై నేను అలవాటున మూత నెత్తగా వాడే చేయిపట్టి ఆపి, “నీళ్లు పడతాయమ్మా!” అనెను. పోయిన యేటి పొరపాటు వానికి పాఠమైనది.

అంగడిలో కొనినచో పండుగ గంటలో ముగియును. ఇంట చేసినచో ముందునాటి సాయంకాలమే పండుగ ప్రారంభమగును. కారణ మెరిగి తీసికొనిన సులభమార్గము మనకు మిగుల్చు సమయము పిల్లలతో గడపదగిన సమయమే. తల్లిదండ్రులు ఒకమారు ప్రయత్నించి చూతురుగాక.