ఉప్పుగాలి ఊరిలో కొత్త ఇల్లు: గోడలోని తీగలపై ముందుచూపు

తెలుగువారు ప్రళయకావేరి అని పిలుచుకునే సరస్సు ఒడ్డున, సముద్రానికి చేరువలో ఉన్నది పళవేర్కాడు. ఇచట ఉప్పుగాలి ఇనుమును త్వరగా తినివేయును. 2004 నాటి సునామీ, 2023 డిసెంబరు నాటి మిచాంగ్ తుపాను ఈ తీరవాసులు మరువలేనివి. కావున ఇచట ఇల్లు కట్టువారు పూతపనికి ముందే తీగల సంగతి నిర్ణయించుకొనుట మేలు.

మొదటిది ప్రాణరక్షణ. దీపాలకు 1.5, ప్లగ్గులకు 2.5, ఏసీ, గీజర్లకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వాడుక. ఇనుప పెట్టెలకు బదులు పి.వి.సి. పెట్టెలు అమర్చి, ప్లగ్గులను వరదనీటి మట్టానికి పైన ఉంచవలెను. 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. తప్పనిసరి. విద్యుత్తు నేలకు గాని, మనిషి దేహంలోనికి గాని మళ్లినచో అది క్షణంలో సరఫరాను ఆపును. ఉప్పునేలలో ఎర్త్ పైపు తుప్పు పట్టును గనుక ఏటేటా పరీక్షింపవలెను.

రెండవది నెట్‌వర్క్. క్యాట్ 6 తీగ 100 మీటర్ల వరకు గిగాబిట్ వేగాన్ని మోయగలదు. దీనిని కరెంటు తీగలున్న గొట్టంలో వేయరాదు. రెండూ దాటుకొనవలసిన చోట లంబకోణంలో దాటించవలెను.

తీగలు మారును, గోడలు మారవు. అందుచేత వీధి గేటు నుండి హాలుకు ఫైబర్ కొరకు, మిద్దె నుండి మీటరు వద్దకు సౌర పలకల కొరకు ఖాళీ గొట్టాలు వేసి, లోపల లాగుదారం విడిచిపెట్టవలెను. పూతకు ముందు ప్రతి గోడకూ ఫొటో తీసి దాచుకొన్నచో, రేపు మేకు కొట్టువాని చేయి క్షేమం.