ఎఫ్ కార్డ్ పలకట్లేదా? తప్పు వేళ్లది కాకపోవచ్చు!

గిటార్ కొని మూడు నెలలైంది. సి, జి, డి కార్డ్స్ చక్కగానే పలుకుతున్నాయి. ఎఫ్ దగ్గరికొచ్చేసరికి మాత్రం చూపుడు వేలు నొప్పి, తీగలు మూగబోవడం. ‘ఇది మన వల్ల కాదులే’ అని చాలామంది గిటార్‌ని అటకెక్కించేది ఇక్కడే. ఆగండి! ముందు ‘నట్’ సంగతి చూడండి.

ఏంటీ నట్?
గిటార్ నెక్ పైచివర ఎముకతోనో ప్లాస్టిక్‌తోనో చేసిన సన్నని పట్టీ ఇది. తీగలు దీని గాట్లలో కూర్చుంటాయి. గాట్లు మరీ లోతైతే వదిలి మీటిన తీగ ఫ్రెట్‌కి తగిలి జుయ్‌మంటుంది. అందుకే తక్కువ ధర గిటార్లలో వాటిని కాస్త ఎత్తుగానే వదిలేస్తుంటారు. దాంతో మొదటి ఫ్రెట్ దగ్గర తీగను ఎక్కువ బలంతో నొక్కాలి. పైగా తీగ సాగి శ్రుతి పెరుగుతుంది. ట్యూనింగ్ సరిగ్గా ఉన్నా కార్డ్ అపశ్రుతిగా వినిపిస్తుంది.

మీరే చూసుకోండి
* తీగను మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టండి. మొదటి ఫ్రెట్‌కీ తీగకీ మధ్య కాగితమంత సందు ఉంటే చాలు. అంతకన్నా బాగా ఎక్కువుంటే నట్ ఎత్తుగా ఉన్నట్టే.
* మొదటి ఫ్రెట్‌లో కేపో బిగించి, రెండో ఫ్రెట్ మీద అదే ఎఫ్ ఆకారం పట్టండి. ఒక్కసారిగా తేలికైతే అనుమానం నట్ మీదే!

జీరో ఫ్రెట్ కిటుకు
కేపో పెట్టినప్పుడు తీగ నట్ మీద కాకుండా ఫ్రెట్ మీద ఆనుతుంది. జీరో ఫ్రెట్ చేసేదీ ఇదే. నట్ ముందు అదనంగా ఒక ఫ్రెట్ ఉంటుంది. తీగల ఎత్తు అది చూసుకుంటే, వాటి మధ్య దూరం నట్ చూసుకుంటుంది. జాజ్ దిగ్గజం జాంగో రైన్‌హార్ట్ వాయించిన సెల్మర్ గిటార్లలో, బీటిల్స్ పాల్ మెకార్ట్‌నీ హాఫ్నర్ బేస్‌లో ఉన్నది ఇదే. అయితే తీగలన్నీ ఎప్పుడూ దానిమీదే ఆనుతాయి కాబట్టి అరుగుతుంది. అప్పుడు మార్పించుకోవాలి.

ఏం చేయాలి?
ఇంట్లో ఆకురాయి పట్టొద్దు. గాటు ఒక్కసారి లోతైపోతే కొత్త నట్ వేయించాల్సి రావచ్చు. గిటార్లు బాగుచేసేవారి దగ్గర ‘సెటప్’ చేయించండి. తీగ మందానికి తగ్గ సన్నని ఆకురాళ్లు వాళ్ల దగ్గర ఉంటాయి. వీలైతే పక్కనే నిలబడి గమనించండి. ఆసక్తి ఉంటే అదీ నేర్చుకోదగ్గ పనే.

నట్ సరిచేశాక కూడా ఎఫ్ కష్టపెడుతోందా? ఇక మిగిలింది సాధనే. అయితే ఇప్పుడు మీరు పోరాడేది కార్డ్‌తో, గిటార్‌తో కాదు.