మెడనొప్పికి మర్దన మేలే.. మెటిక మాత్రం విరిపించుకోవద్దు

మిరపకు మందు కొట్టే రోజుల్లో మెడ పట్టేసిందనని రైతు అరుదు. 16 లీటర్ల ట్యాంకు నిండా పోస్తే యంత్రంతో కలిపి 20 కిలోలు దాటుతుంది. ఎకరాకు 200 లీటర్ల మందునీళ్లు కొట్టాలంటే 12, 13 ట్యాంకులు మోయాలి. ఇక ఆడవాళ్లకు నెత్తిన గడ్డిమోపులు, ఆపైన వంగి కలుపుతీత. నొప్పి మూడు నెలలు దాటినా వదలకపోతే అది దీర్ఘకాలిక నొప్పి కింద లెక్క.

దీనికి మర్దన పనిచేస్తుందా? చేస్తుంది. పైపైన నూనె రాసి పది నిమిషాలు రుద్దితే మాత్రం చాలదు. అమెరికాలోని సియాటిల్ ప్రాంతంలో 228 మందిపై జరిపిన పరిశోధన ఫలితాలు 2014లో వెలువడ్డాయి. వారానికి రెండు మూడుసార్లు, గంట చొప్పున, నాలుగు వారాలు చేయించుకున్నవాళ్లకు గుణం కనబడింది. అరగంట చొప్పున చేయించుకున్నవాళ్లకు చెప్పుకోదగ్గ తేడా లేదు. అక్కడ చేసినవాళ్లు శిక్షణ పొందినవాళ్లు. మన ఊళ్లో గంటసేపు ఎవరు చేస్తారంటారా? ఫిజియోథెరపిస్టు దగ్గర ఒకటి రెండుసార్లు చూసి నేర్చుకుంటే ఇంట్లోవాళ్లే కొంత ఉపశమనం కలిగించొచ్చు.

నొప్పి ఉన్న మనిషి కూర్చుని, ముందు దిండు పెట్టుకుని దానిపై నుదురు ఆనించాలి. గోరువెచ్చని నువ్వులనూనెతో మెడ వెనుక, భుజాలపై కండలను పిండి పిసికినట్టు నెమ్మదిగా పిసకాలి. ఎముక మీద, గొంతువైపు నొక్కొద్దు. మందు కొట్టి వచ్చిన రోజు సబ్బుతో స్నానం చేశాకే ఈ పని.

క్షవరం అయ్యాక తల పట్టి టక్కున తిప్పించుకుని మెటిక విరిపించుకునే అలవాటు కొందరికి ఉంది. హాయిగానే ఉంటుంది. కానీ మెడ ఎముకల గుండా మెదడుకు నెత్తురు తీసుకెళ్లే నాళాలు పోతాయి. అవి చీలితే పక్షవాతం రావచ్చు. అరుదే, కానీ వస్తే ఆ ఇంటి సేద్యం ఎవరు చూస్తారు?

చేతులు తిమ్మిరెక్కడం, పట్టు తప్పడం, చొక్కా గుండీలు పెట్టుకోలేకపోవడం, నడకలో తూలడం, మూత్రం ఆగకపోవడం, జ్వరంతో మెడ బిగుసుకోవడం, చెట్టు మీంచి పడ్డాక నొప్పి రావడం.. వీటిలో ఏదున్నా మర్దన జోలికి పోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మర్దన చేయించుకుంటూనే మర్నాడు అదే బరువు మోస్తే నొప్పి మళ్లీ తిరగబెడుతుంది. ట్యాంకులో పది లీటర్లే పోసుకోండి. పట్టీలు రెండూ సమానంగా బిగించండి. తిరుగుళ్లు పెరిగే మాట నిజమే, భుజానికి ఆరు కిలోలు తగ్గుతాయి. మందు కొలత కూడా ఆ లెక్కన తగ్గించి కలపడం మరవొద్దు.