తీగకెక్కని ఉత్తరం

పూర్వం ఇంటికి వచ్చిన ఉత్తరాలను చదివిన తరువాత ఇనుప తీగకు గుచ్చి వ్రేలాడదీసేవారు. మా తాతగారు మాత్రం జవాబు వ్రాయవలసిన కార్డును తీగకు గుచ్చక, కంటికి కనబడేటట్లు కిటికీ ఊచల సందున ఉంచేవారు. జవాబు పోస్టు చేసిన నాడే అది తీగకెక్కేది. ఈ-మెయిలు సాఫ్ట్‌వేరును రూపొందించిన వారికి ఈ కిటికీ సంగతి బోధపడడానికి చాలాకాలం పట్టింది.

1971లో అమెరికాలో రే టామ్లిన్‌సన్ అనే ఇంజనీరు అర్పానెట్ అనే కంప్యూటర్ల వలయం మీద ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి తొలి సందేశం పంపాడు. ఆ రోజులలో వచ్చిన సందేశాలన్నీ వరుసగా వెలువడేవి. కావలసినదానిని ఏరుకొనే వీలు లేదు. ఆ విసుగును గ్రహించి 1972లో లారెన్స్ రాబర్ట్స్ సందేశాల పట్టికను చూపే ప్రోగ్రాం వ్రాశాడు. 1975 ప్రాంతంలో జాన్ విట్టల్ వ్రాసిన ప్రోగ్రాంలో, చిరునామా మళ్ళీ టైపు చేయకుండానే జవాబిచ్చే ఆజ్ఞ చేరింది. రెండూ వాడుకరి ఇబ్బందిలోనుండి పుట్టినవే.

అయినను అసలు చిక్కు తీరలేదు. నా మిత్రుడొకడు ఉపకారవేతనానికి సంబంధించిన మెయిలును బస్సులో ఫోనులో తెరిచి చూశాడు. ఇంటికి వెళ్ళి పత్రాలు పంపుదామనుకొన్నాడు. తెరిచిన మరుక్షణమే దట్టమైన అక్షరాలు మామూలు అక్షరాలైనవి. సాయంత్రానికి ఆ మెయిలు ప్రకటనల క్రింద పడిపోయింది. గడువు దాటిన తరువాత గాని జ్ఞాపకం రాలేదు. మరచిపోవడం అతని తప్పే కావచ్చు. కాని యంత్రం లెక్కించేది ‘చదివినది, చదవనిది’. మనిషికి కావలసిన లెక్క ‘పని అయినది, కానిది’. ఈ రెండూ ఒకటి కావు.

1996లో స్టీవ్ విట్టేకర్, కాండేస్ సిడ్నర్ అనే పరిశోధకులు ఈ సంగతినే వెల్లడించారు. జనం ఇన్‌బాక్సును ఉత్తరాల పెట్టెగానే గాక చేయవలసిన పనుల జాబితాగా, పాత కాగితాల బీరువాగా కూడ వాడుతున్నారని వారు చూపారు. మరి సాఫ్ట్‌వేరు ఇచ్చినది ఫోల్డర్లు! ఏ ఉత్తరం ఏ ఫోల్డరులో వేశామో తరువాత ఎవరికి గుర్తుంటుంది? విట్టేకరు బృందమే 2011లో 345 మంది వాడకాన్ని పరిశీలించి, ఫోల్డర్లు సర్దుకొన్నవారికి ఆ శ్రమ వల్ల వెదకులాటలో లాభం కలుగలేదని తేల్చింది. 2004లో వచ్చిన జీమెయిల్ సర్దుడు కంటె వెదకుడుకే ప్రాధాన్యమిచ్చి, ఒకే విషయం మీది జాబులను ఒకే సంభాషణగా చేర్చి చూపింది.

మన కిటికీ ఊచ జీమెయిలులోనికి 2018లో వచ్చింది: మెయిలును కనుమరుగు చేసి, మనం కోరిన రోజున, కోరిన గంటకు మళ్ళీ పైకి తెచ్చే సదుపాయం అది. నా మిత్రుడు ఇప్పుడు దానినే వాడుతున్నాడు. అయితే ఆ మీట ఎక్కడున్నదో నేను చూపేవరకు అతనికి తెలియలేదు.