మెస్ చాచా దరఖాస్తు

మేము విశ్వవిద్యాలయంలో చదివే రోజుల్లో జాతీయ సేవా పథకం వాలంటీర్లం. ఎన్.ఎస్.ఎస్. అంటే అందరికీ తెలుస్తుంది. గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబర్ 24న, 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మంది విద్యార్థులతో ఇది మొదలయింది. ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లు పనిచేయాలి. ఏడు రోజులు శిబిరం వేయాలి. 'నేను కాదు, నీవు' అన్నది దీని నినాదం. దానిని మేము బ్యానరు మీద పెద్ద అక్షరాలతో రాయించుకున్నాము.

ఆ ఏడు శిబిరానికి వెళ్లిన పల్లెలో ఇంకుడు గుంతలు తవ్వాము. రాత్రిళ్లు పెద్దవాళ్లకు అక్షరాలు దిద్దించాము. ఫొటోలు కూడా దిగామనుకోండి. హాస్టలుకు తిరిగొచ్చి భోజనానికి కూర్చుంటే, రోజూ మాకు వడ్డించే చాచా మడతలు పడిన కాగితం ఒకటి తెచ్చారు.

"ఇది కాస్త నింపి పెట్టండి బాబూ. మీరు వస్తారని దాచిపెట్టాను" అన్నారు.

కూతురి స్కాలర్‌షిప్ దరఖాస్తు అది. గడువు ముందు రోజే ముగిసింది.

హాస్టల్లో ఇంకా అంతమంది విద్యార్థులున్నారు కదా, వాళ్లనెందుకు అడగలేదని పాఠకులకు అనిపించవచ్చు. మేమూ అదే అడిగాము. "సేవ చేసేది మీరే గదా" అన్నారాయన. మా దగ్గర జవాబు లేదు.

మరునాడు బడికి వెళ్లి ప్రాధేయపడ్డాము. లాభం లేకపోయింది. తలా కొంత వేసుకుని డబ్బు ఇవ్వబోతే చాచా పుచ్చుకోలేదు. "వచ్చే ఏడు నేనే రాసుకునేటట్టు నేర్పండి, చాలు" అన్నారు.

అలా రాత్రి భోజనాలయ్యాక మెస్ బల్లల మీదే చదువు మొదలయింది. చాచాతోపాటు గిన్నెలు కడిగే కుర్రాళ్లు ఇద్దరు చేరారు. ప్రారంభోత్సవం చేయాలని, అధికారులను పిలవాలని మా నాయకుడు పట్టుబట్టాడు. కందకం తవ్వేటప్పుడు దైవప్రవక్త (స) సహచరులతో కలిసి స్వయంగా మట్టి మోశారని అతడు ప్రతి సభలోనూ చెప్పేవాడు. బాగా చెప్పేవాడు కూడా. మెస్‌లో మాత్రం రెండు రోజులే కనిపించాడు. అతడినొక్కడినే అనడం న్యాయం కాదు. పరీక్షలు దగ్గరపడేసరికి పది మందిమి ముగ్గురమయ్యాము. ఆఖరికి ఒక్కడే మిగిలాడు. సభలో నాలుగు మాటలు చెప్పమంటే చెమటలు పట్టే కుర్రాడు! పరీక్ష ముందురోజు రాత్రి కూడా తన పుస్తకం ఒక పక్క, చాచా పలక ఒక పక్క పెట్టుకుని కూర్చునేవాడు. ఆ గంటలను ఎక్కడా లెక్క రాయించుకోలేదు.

మరుసటి ఏడు మా యూనిట్ నాయకుడిగా ఎవరుండాలన్న చర్చ వచ్చినప్పుడు అందరమూ అతడి వైపే చూశాము. తనకు మాట్లాడటం రాదన్నాడు. మాట్లాడేవాళ్లు చాలామందే ఉన్నారన్నాము.

దరఖాస్తుల కాలం మళ్లీ వచ్చింది. చాచా రెండు రాత్రులు కూర్చుని వంకర అక్షరాలతో తానే నింపారు. తేదీ వేయడం మరిచిపోతే, అదీ ఆయన చేతే వేయించాము.