త్రివర్ణం చెంతన మరికొన్ని జెండాలు

భారతదేశంలో జెండా అనగానే త్రివర్ణ పతాకమే స్ఫురించడం సహజమే గాని, సైన్యానికీ, నౌకాదళానికీ, వైమానిక దళానికీ, సరుకులు మోసే వాణిజ్య నౌకలకూ నేటికీ వేర్వేరు అధికారిక జెండాలు ఉన్నాయి. రాష్ట్రపతికి ఒకప్పుడు ప్రత్యేక ధ్వజం ఉండేది. సంస్థానాలు ఉన్నంతకాలం వాటి జెండాలు వాటివే. వీటి చరిత్రను పరిశీలించినవారికి, జెండా స్వరూపాన్ని ఆశయాలూ మతాల సర్దుబాట్లూ ఎంతగా నిర్ణయించాయో, గాలికి ఎగిరేటప్పుడు దూరం నుంచి అది ఎలా కనబడుతుందన్న మామూలు సంగతి కూడా ఇంచుమించు అంతగానే నిర్ణయించిందని తెలుస్తుంది.

జాతీయ పతాకం కథలో తెలుగువారి పాత్ర చిన్నది కాదు. కృష్ణా జిల్లా భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య 1916లోనే దేశానికి తగిన జెండా నమూనాలతో ఒక పుస్తకం ప్రచురించగా, 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశమైనప్పుడు, గాంధీజీ కోరిన మీదట, ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద రాట్నం ఉన్న నమూనాను మూడు గంటల్లో సిద్ధం చేసి ఇచ్చాడు. అది కమిటీ ముందుకు రావడానికి కొంత ఆలస్యం కాగా, ఆ వ్యవధిలో గాంధీజీ పునరాలోచించి, హిందువులు, ముస్లింలు కాక మిగిలిన మతాలవారికి గుర్తుగా తెలుపు రంగును చేర్పించాడు. రంగులను మతాలకు పంచిపెట్టే ఈ పద్ధతి వివాదాలకు దారితీయడంతో 1931లో పట్టాభి సీతారామయ్య సంచాలకుడుగా ఏర్పడిన ఏడుగురి సంఘం, జెండా అంతా ఒకే కాషాయ రంగులో ఉండి స్తంభం వైపు పై మూలన రాట్నం ఉంటే చాలునని సూచించింది. బొంబాయిలో సమావేశమైన కాంగ్రెస్ కమిటీ దానిని తోసిపుచ్చి కాషాయం, తెలుపు, ఆకుపచ్చ వరుసను ఖాయం చేస్తూ, ఈ రంగులకు మతపరమైన అర్థం లేదని తీర్మానంలోనే చెప్పవలసి వచ్చింది.

1947 జులై 22న రాజ్యాంగ సభ ఆమోదించిన పతాకంలో రాట్నం స్థానంలో సారనాథ్ స్తంభం మీది అశోక చక్రం వచ్చి చేరింది. ఈ మార్పుకు తాత్త్విక కారణాలు అనేకం చెబుతారు. తీర్మానాన్ని ప్రతిపాదించిన నెహ్రూ మాత్రం అతి సాధారణమైన ఇబ్బంది ఒకదానిని సభ ముందుంచాడు. రాట్నానికి ఒక పక్క చక్రం, మరో పక్క కదురు ఉంటాయి కనుక, జెండా వెనుక వైపు నుంచి చూసేవారికి బొమ్మ తారుమారవుతుంది. 24 ఆకుల చక్రం ఎటు నుంచి చూసినా ఒక్కటే.

ఇటువంటి చిక్కే నౌకాదళానికి మరోలా ఎదురయింది. యుద్ధనౌక ఏ దేశానిదో తెలిపే జెండాగా 1950 నుంచి, తెల్లని గుడ్డ మీద బ్రిటిష్ సంప్రదాయపు ఎర్రని శిలువ, పై మూలన త్రివర్ణం ఉండేవి. వలస పాలన ఆనవాలుగా భావించి 2001లో ఆ శిలువను తొలగించి నీలి రంగు నౌకాదళ చిహ్నాన్ని ఉంచగా, అది ఆకాశంలోనూ సముద్రంలోనూ కలిసిపోయి కానరావడం లేదని 2004లో శిలువనే తిరిగి తెచ్చారు. చివరకు 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో విక్రాంత్ నౌక సేవలో చేరిన సందర్భంలో, శివాజీ రాజముద్ర స్ఫూర్తితో గీసిన అష్టభుజి చిహ్నంతో కొత్త జెండా వచ్చింది. నీలం మళ్ళీ వచ్చిందన్నమాట, అయితే ఈసారి బంగారు రంగు అంచులతో.

వైమానిక దళానిది లేత నీలం, సైన్యానిది ఎరుపు. వాణిజ్య నౌకలదీ ఎరుపే, పై మూలన త్రివర్ణం. వీటికన్నా ఆసక్తికరమైనది 1950 నుంచి 1971 వరకు రాష్ట్రపతికి ఉన్న ధ్వజం. నీలం, ఎరుపు గళ్ళు నాలుగింటిలో అశోకుని సింహాలు, అజంతా ఏనుగు, ఎర్రకోటలోని త్రాసు, సారనాథ్ పూర్ణకుంభం చిత్రించిన ఆ ధ్వజం, దేశ చరిత్రనంతటినీ ఒకే గుడ్డ మీద కూర్చిన అందమైన ప్రయత్నం. 1971 ఆగస్టు 15 నుంచి దాని స్థానంలో జాతీయ పతాకమే ఎగురుతోంది.

ప్రాంతీయ జెండాల సంగతి వేరు. హైదరాబాదు నిజాముల పసుపు జెండా నడుమ ఉండే తెల్లని గుండ్రని గుర్తు కుల్చా రొట్టె అనీ, ఒక సూఫీ గురువు ఆ వంశ మూలపురుషునికి పసుపు గుడ్డలో చుట్టి ఇచ్చిన కుల్చాలలో ఏడింటిని తిన్నందువల్ల ఏడు తరాల ఏలుబడి దక్కిందనీ ఒక కథ ప్రచారంలో ఉంది. 1948 సెప్టెంబరుతో ఆ జెండా చరిత్రలో కలిసింది. గోదావరి పాయ ఒడ్డున ఉన్న యానాంలో ఫ్రెంచి జెండా 1954 జూన్ దాకా నిలిచింది. స్వతంత్ర భారతంలో రాజ్యాంగబద్ధంగా సొంత జెండా ఉన్న ఏకైక రాష్ట్రం జమ్మూ కాశ్మీర్. ఎర్రని నేల మీద నాగలి, మూడు ప్రాంతాలకు మూడు తెల్లని గీతలు గల ఆ జెండాకు 2019లో ప్రత్యేక ప్రతిపత్తితో పాటే అధికారిక హోదా పోయింది. కర్ణాటక ప్రభుత్వం 2018లో గండభేరుండ చిహ్నంతో పసుపు, తెలుపు, ఎరుపు రంగుల జెండాను ప్రతిపాదించినా కేంద్రం ఆమోదం లభించలేదు. 1960ల నాటి పసుపు, ఎరుపు జెండాను మాత్రం ఏ ఉత్తర్వూ లేకుండానే కన్నడిగులు ఏటా నవంబరు 1న ఊరూరా ఎగురవేస్తున్నారు.